కాలక్రమమే కీలకం: ఎన్.పి.వి. వైరస్‌లో ప్రోటీన్ల వ్యక్తీకరణ, క్షేత్ర సిఫారసులకు దాని ఆధారం

ప్రస్తావన

శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల నివారణకు ఎన్.పి.వి. ద్రావణాన్ని మన రాష్ట్రాలలో దశాబ్దాలుగా సిఫారసు చేస్తున్నాము. సాయంకాలం పిచికారీ చేయాలి, పురుగు చిన్న దశలో ఉన్నప్పుడే వాడాలి, వారం రోజులు వేచి చూడాలి అన్న సూచనలు కరపత్రాలన్నింటిలోనూ కనిపిస్తాయి. అయితే ఈ సూచనలకు కారణమేమిటో వివరించడం తక్కువ. పిచికారీ చేసిన మూడవ రోజున పురుగు ఇంకా ఆకు తింటూ కనిపిస్తే రైతు ఆందోళన చెంది వెంటనే రసాయన మందు చల్లుతాడు. ఆపైన ఎన్.పి.వి. పనిచేయదన్న అభిప్రాయం ఆ గ్రామంలో స్థిరపడిపోతుంది.

ఆ మూడవ రోజున పురుగు శరీరంలో ఏమి జరుగుతున్నదో తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త మాత్రమే రైతుకు నమ్మకంగా సమాధానం చెప్పగలడు. ఆ సమాధానం వైరస్ తన ప్రోటీన్లను తయారుచేసే కాలక్రమంలో ఉన్నది. ఏ ప్రోటీన్ ముందు, ఏది తరువాత, ఏది చివర తయారవుతుందన్న అంశం మీదనే ఎన్.పి.వి. వాడకానికి సంబంధించిన సిఫారసులలో అధిక భాగం ఆధారపడి ఉన్నాయని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైరస్ స్వరూపం

ఎన్.పి.వి. వైరస్‌లు బాక్యులోవిరిడే కుటుంబానికి చెందినవి. ఇవి కీటకాలకు సోకే పెద్ద డి.ఎన్.ఎ. వైరస్‌లు. కడ్డీ ఆకారంలోని వైరస్ కణంలో వలయాకారపు జంటపోగుల డి.ఎన్.ఎ. ఉంటుంది. దీని పొడవు జాతిని బట్టి సుమారు 80 వేల నుండి 1,80,000 క్షారజంటల వరకు ఉంటుంది. ఈ కుటుంబంలో అత్యధికంగా పరిశోధనకు గురైనది ఆటోగ్రాఫా కాలిఫోర్నికా అనే రెక్కల పురుగు లార్వా నుండి వేరుచేసిన వైరస్. దీని పూర్తి జన్యుక్రమం 1994లో వెలువడింది. అందులో 1,33,894 క్షారజంటలు, 150కి పైగా జన్యువులు ఉన్నాయి. శనగపచ్చ పురుగు వైరస్, పొగాకు లద్దె పురుగు వైరస్‌ల జన్యుక్రమాలు 2001లో వెలువడ్డాయి. కింద పేర్కొన్న కాలపరిమితులు ప్రధానంగా ఆటోగ్రాఫా వైరస్‌పై కీటక కణవర్ధనాలలో జరిగిన పరిశోధనల నుండి తీసుకున్నవి. మన పంటల మీది పురుగుల వైరస్‌లలో గంటలు కొంత మారవచ్చు కాని, వరుస మారదు.

ఈ వైరస్ రెండు రూపాలలో ఉంటుందని విద్యార్థులు మొదట గుర్తుంచుకోవాలి. ఒకటి పాలిహెడ్రా అనే ప్రోటీన్ స్ఫటికంలో పొదిగి ఉండే రూపం. ఇది పురుగు నుండి పురుగుకు వ్యాధిని చేర్చుతుంది. రెండవది కణం పొర నుండి మొగ్గ వలె విడివడి బయటకు వచ్చే రూపం. ఇది ఒకే పురుగు శరీరంలో ఒక కణం నుండి మరొక కణానికి వ్యాధిని చేర్చుతుంది. రెండింటిలోనూ డి.ఎన్.ఎ. ఒక్కటే. పై పొరలోని ప్రోటీన్లు వేరు, తయారయ్యే సమయం వేరు. మనం పిచికారీ చేసేది మొదటి రూపాన్ని, పురుగును లోపలి నుండి ఆక్రమించేది రెండవ రూపం.

ప్రోటీన్ల వ్యక్తీకరణలో మూడు అంచెలు

తొలి అంచె: కేంద్రకంలోకి ప్రవేశించిన వైరస్ డి.ఎన్.ఎ.కు మొదట సొంత యంత్రాంగం ఉండదు. కాబట్టి తొలి జన్యువులు ఆతిథేయ కణానికి చెందిన ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్-2 సహాయంతోనే అనులేఖనం చెందుతాయి. ఈ జన్యువుల ప్రమోటర్లు కీటకపు సొంత జన్యువుల ప్రమోటర్లను పోలి ఉండటం వల్ల కణం వాటిని తనవిగానే స్వీకరిస్తుంది. ఈ దశలో తయారయ్యే ఐ.ఇ.-1 అనే ప్రోటీన్ ఇతర తొలి జన్యువులను ఉత్తేజపరుస్తుంది. డి.ఎన్.ఎ. పాలిమరేజ్, హెలికేజ్ వంటి ప్రతికృతి ప్రోటీన్లు కూడా ఇప్పుడే తయారవుతాయి. వైరస్ సోకిన కణం తనంతట తాను చనిపోయి వ్యాధిని అరికట్టే ప్రయత్నం చేస్తుంది. దీనిని అడ్డుకునే పి-35 అనే ప్రోటీన్ కూడా ఈ అంచెలోనిదే. ఆటోగ్రాఫా వైరస్ నుండి ఈ జన్యువును తొలగించినప్పుడు, కత్తెర పురుగు కణాలు వైరస్ వృద్ధి పూర్తికాకముందే చనిపోతాయని 1991లో నిరూపితమైంది.

మలి అంచె: సుమారు 6 గంటలకు వైరస్ డి.ఎన్.ఎ. ప్రతికృతి మొదలవుతుంది. దానితోపాటు పెద్ద మార్పు ఒకటి జరుగుతుంది. లెఫ్-4, లెఫ్-8, లెఫ్-9, పి-47 అనే నాలుగు వైరస్ ప్రోటీన్లు కలిసి కొత్త ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్‌గా రూపొందుతాయి. ఈ పాలిమరేజ్ టి-ఎ-ఎ-జి అనే నాలుగక్షరాల సంకేతాన్ని గుర్తించి అక్కడి నుండి అనులేఖనం ప్రారంభిస్తుంది. ఆతిథేయ పాలిమరేజ్ ఈ సంకేతాన్ని ప్రమోటర్‌గా గుర్తించదు. అంటే ఇక్కడి నుండి వైరస్ సొంత యంత్రంతో సొంత ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది. వైరస్ కడ్డీ నిర్మాణానికి, డి.ఎన్.ఎ.ను చుట్టి ఉంచడానికి, పొర నిర్మాణానికి అవసరమైన ప్రోటీన్లు ఈ దశలో వెలువడతాయి. మొగ్గ రూపపు వైరస్ పెద్ద సంఖ్యలో బయటకు వచ్చేది కూడా ఇప్పుడే. ఒక రోజు గడిచేసరికి కణం తన సొంత ప్రోటీన్ల తయారీని దాదాపు నిలిపివేస్తుంది.

కడపటి అంచె: సుమారు 18 గంటల తరువాత పాలిహెడ్రిన్, పి-10 అనే రెండు జన్యువులు అసాధారణ స్థాయిలో వ్యక్తమవుతాయి. వీటి ప్రమోటర్లలో టి-ఎ-ఎ-జి సంకేతంతోపాటు దాని దిగువన మరొక ప్రత్యేక భాగం ఉంటుంది. వి.ఎల్.ఎఫ్.-1 అనే వైరస్ ప్రోటీన్ ఈ భాగానికి అంటుకొని అనులేఖనాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. అనుకూల పరిస్థితులలో కణంలోని మొత్తం ప్రోటీన్‌లో నాలుగవ వంతు నుండి సగం వరకు పాలిహెడ్రిన్ ఒక్కటే ఉండవచ్చు. ఈ ప్రోటీన్ కేంద్రకంలో స్ఫటికంగా పేరుకొని వైరస్ కడ్డీలను తనలో పొదుగుకుంటుంది. కణం చివరకు ఛిద్రమై పాలిహెడ్రా విడుదల కావడానికి పి-10 తోడ్పడుతుంది.

పురుగు శరీరంలో ఇదే క్రమం

ఆకుతోపాటు లోపలికి చేరిన పాలిహెడ్రా లద్దె పురుగు మధ్యాంత్రంలోని తీవ్ర క్షార స్థితిలో కరిగిపోతుంది. అక్కడి ఉదజని సూచిక 10 వరకు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. విడుదలైన వైరస్ కడ్డీలు తమ పొరపై గల పి.ఐ.ఎఫ్. అనే ప్రత్యేక ప్రోటీన్ల సహాయంతో మధ్యాంత్రపు కణాలకు అతుక్కొని లోపలికి ప్రవేశిస్తాయి. ఈ ప్రోటీన్లు పిచికారీ నాటికి తయారైనవి కావు. అంతకుముందు చనిపోయిన పురుగులో మలి అంచెలో తయారై, పాలిహెడ్రాలో భద్రపరచబడినవి.

మధ్యాంత్రపు కణాలకు ఆయుర్దాయం తక్కువ. పురుగు వాటిని తరచు రాల్చివేస్తుంది, కుబుసం విడిచే ప్రతిసారీ కొత్తవాటిని ఏర్పరచుకుంటుంది. కణం రాలిపోయేలోగా వైరస్ అవతలి వైపుకు దాటాలి. ఆటోగ్రాఫా వైరస్‌లో మొగ్గ రూపానికి అవసరమైన జి.పి.-64 అనే పొర ప్రోటీన్ జన్యువుకు తొలి, మలి ప్రమోటర్లు రెండూ ఉన్నాయి. తొలి అంచెలోనే ఈ ప్రోటీన్ సిద్ధమవుతుంది కాబట్టి లోపలికి వచ్చిన కడ్డీలలో కొన్ని ప్రతికృతి కోసం ఆగకుండా నేరుగా శ్వాసనాళపు కణాలకు చేరుకోగలవు. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల వైరస్‌లలో జి.పి.-64 ఉండదు. ఎఫ్-ప్రోటీన్ అనే మరొకటి ఆ పని చేస్తుంది.

శ్వాసనాళాలు, రక్తద్రవం ద్వారా వైరస్ కొవ్వు కణజాలానికి, చర్మపు కణాలకు వ్యాపిస్తుంది. ప్రతి కణంలోనూ మూడు అంచెలు మళ్ళీ మొదటి నుండి జరగాలి. వైరస్ ఒక తరం తరువాత మరొక తరంగా కణజాలాలను ఆక్రమించడానికి రోజులు పడుతుంది. పురుగు వయసు, మోతాదు, ఉష్ణోగ్రతలను బట్టి సాధారణంగా 4 నుండి 7 రోజులలో మరణం సంభవిస్తుంది. చల్లని వాతావరణంలో ఈ వ్యవధి ఇంకా పెరుగుతుంది.

ఈ వ్యవధిలో పురుగు ఎందుకు తింటూనే ఉంటుంది? ఇందుకు కారణమైన తొలి అంచె ప్రోటీన్ ఒకటి ఉన్నది. దాని పేరు ఇ.జి.టి. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఓరైలీ, లోయిస్ మిల్లర్ 1989లో దీనిని గుర్తించారు. కుబుసం విడవడానికి కారణమైన ఎక్డైసోన్ హార్మోనుకు ఈ ఎంజైము చక్కెర అణువును జోడించి పనిచేయకుండా చేస్తుంది. మామూలుగా కుబుసం విడిచే ముందు పురుగు మేత మానుతుంది. ఇ.జి.టి. వల్ల ఆ దశ రాక, పురుగు తింటూ పెరుగుతుంది. పెరిగిన శరీరం వైరస్‌కు ఎక్కువ ముడిసరుకు. ఈ జన్యువును తొలగించిన వైరస్ సోకిన పురుగులు తక్కువ తిని త్వరగా చనిపోయినట్లు అదే పరిశోధకులు తరువాత చూపించారు. కనుక మూడవ రోజున పురుగు తింటూ కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని నిర్ణయించరాదు.

చివరగా మలి అంచెలో తయారై కణాలలో నిల్వ ఉన్న కైటినేజ్, కెథెప్సిన్ అనే రెండు ఎంజైములు విడుదలవుతాయి. మొదటిది చర్మంలోని కైటిన్‌ను, రెండవది ప్రోటీన్లను కరిగిస్తుంది. కొమ్మ చివరకు పాకి తలకిందులుగా వేలాడుతున్న పురుగు చర్మం తాకితే చిట్లి, కోట్లాది పాలిహెడ్రాతో కూడిన ద్రవం కింది ఆకుల మీద కారుతుంది. అది తరువాత పొదిగే పిల్లపురుగులకు విషాహారం అవుతుంది.

క్షేత్ర సిఫారసులకు అన్వయం

1. చిన్న పురుగు దశ: పురుగు పెరిగే కొద్దీ వ్యాధిని తట్టుకునే శక్తి పెరుగుతుంది. వైరస్ దాటిపోకముందే సోకిన మధ్యాంత్రపు కణాలను రాల్చివేయడం ఇందుకు ఒక ముఖ్య కారణం. పైగా పెద్ద పురుగు చనిపోయేలోగా తినే మేత చాలా ఎక్కువ. కాబట్టి లింగాకర్షక బుట్టలలో మగ రెక్కల పురుగుల సంఖ్య పెరగడం, లేత భాగాలపై గుడ్లు కనిపించడం గమనించి పిచికారీకి సిద్ధం కావాలి. వేరుశనగలో ఎర పంటగా వేసిన ఆముదంపై జల్లెడాకులు కనిపించిన వెంటనే వాడితే పొగాకు లద్దె పురుగుపై మంచి ఫలితం ఉంటుంది.

2. సాయంకాలపు పిచికారీ: పాలిహెడ్రిన్ స్ఫటికం వైరస్‌ను ఎండిపోకుండా, కుళ్ళిపోకుండా కాపాడుతుంది. అతినీలలోహిత కిరణాల నుండి మాత్రం తగినంత రక్షణ ఇవ్వలేదు. రాత్రివేళ పురుగు మేత మేసేనాటికి వైరస్ సజీవంగా ఉండాలంటే సాయంకాలమే అనుకూలం. రాబిన్ బ్లూ కలపడం కిరణాల నుండి రక్షణకు, బెల్లం కలపడం పురుగు ఎక్కువగా తినడానికి. తిన్నప్పుడే వైరస్ లోపలికి చేరుతుంది, తాకినంత మాత్రాన ఫలితం ఉండదు. అందువలన ఆకుల అడుగు భాగం, మొగ్గలు, కాయలు తడిసేలా పిచికారీ చేయాలి.

3. క్షార పదార్థాలతో కలపరాదు: పాలిహెడ్రా కరగడానికి సంకేతం క్షారతే. సున్నం, బోర్డో మిశ్రమం వంటి వాటితో కలిపితే పురుగు కడుపులో కరగవలసిన స్ఫటికం పిచికారీ ట్యాంకులోనే కరిగి, లోపలి వైరస్ నిర్వీర్యమవుతుంది. సబ్బుపొడిని కూడా సిఫారసు చేసిన 0.1 శాతానికి మించి వాడరాదు.

4. మోతాదు: హెక్టారుకు 250 ఎల్.ఇ. అనేది శనగపచ్చ పురుగుకు విస్తృతంగా సూచించిన మోతాదు. ఒక ఎల్.ఇ. అంటే ఒక పురుగు నుండి లభించే 600 కోట్ల పాలిహెడ్రాతో సమానం. అంటే హెక్టారుకు లక్షన్నర కోట్ల పాలిహెడ్రా. ద్రావణం రంగు, చిక్కదనం చూసి నాణ్యతను నిర్ణయించరాదు. 400 రెట్ల సూక్ష్మదర్శినిలో లెక్కించిన సంఖ్య ఒక్కటే ప్రమాణం. గుడ్లు పెట్టడం కొనసాగుతున్నంత కాలం 7 నుండి 10 రోజుల వ్యవధితో మళ్ళీ పిచికారీ చేయాలి.

5. మధ్యలో రసాయన మందు: పిచికారీ తరువాత మూడవ రోజున వేగంగా చంపే మందు వాడితే పురుగు చనిపోతుంది. కాని అప్పటికి శరీరంలోని అధిక కణజాలాలు కడపటి అంచెకు చేరి ఉండవు. పాలిహెడ్రా ఏర్పడవు, రెండవ విడత పిల్లపురుగులకు సోకవలసిన వైరస్ పొలంలో మిగలదు. రైతు రెండు మందులకు ఖర్చు పెట్టి ఒకదాని ఫలితమే పొందుతాడు. పురుగుల ఉధృతి ఆర్థిక నష్ట పరిమితిని బాగా మించి, పెద్ద పురుగులే అధికంగా ఉన్న పొలంలో మొదటి నుండే ఎన్.పి.వి.పై పూర్తిగా ఆధారపడకుండా ఇతర పద్ధతిని సూచించడం మేలు.

6. ఫలితాల నమోదు: ప్రదర్శనా క్షేత్రాలలో రసాయన మందుల మాదిరిగా 24, 48 గంటలకు మరణాలను లెక్కిస్తే ఎన్.పి.వి. ఎప్పుడూ విఫలమైనట్లే కనిపిస్తుంది. ఏడవ రోజు వరకు లెక్కించాలి. పిచికారీ మరునాడు కొన్ని పురుగులను సేకరించి విడివిడిగా పెంచితే వాటిలో ఎన్నింటికి వ్యాధి సోకినదో తెలుస్తుంది. మేత నష్టాన్ని, కాయ నష్టాన్ని కూడా నమోదు చేయాలి.

తయారీ కేంద్రాలకు సూచన

ద్రావణం తయారీలోనూ కాలక్రమమే ప్రధానం. మనకు కావలసిన పాలిహెడ్రా కడపటి అంచెలో మాత్రమే పేరుకుంటుంది. పురుగును ముందుగా సేకరిస్తే స్ఫటికాల సంఖ్య, పక్వత, వ్యాధికారక శక్తి తగ్గుతాయి. బాగా ఆలస్యమైతే కైటినేజ్, కెథెప్సిన్ చర్యతో శరీరం కరిగి ద్రవం వృథా అవుతుంది, బాక్టీరియా పెరుగుతుంది. మరణించే సమయానికి, చర్మం చిట్లకముందు సేకరించడం ఉత్తమం. శనగపచ్చ పురుగులు ఒకదానినొకటి తింటాయి కాబట్టి వాటిని విడివిడి గదులలో పెంచాలి.

కణవర్ధనంలో పెంచితే ఈ శ్రమ తప్పదా అన్న ప్రశ్న సహజం. కణవర్ధనంలో వైరస్‌ను పదేపదే మార్చి పెంచినప్పుడు కొద్దిపాటి పాలిహెడ్రా మాత్రమే ఏర్పరిచే ఉత్పరివర్తనాలు ఆధిక్యంలోకి వస్తాయి. పాత్రలో ఒక కణం నుండి మరొక కణానికి చేరడానికి మొగ్గ రూపం చాలు, స్ఫటికంతో పనిలేదు. 25-కె అనే ప్రోటీన్ జన్యువులో మార్పు జరిగిన వైరస్ అక్కడ ఎక్కువ మొగ్గలు వేసి త్వరగా వ్యాపిస్తుంది. పొలానికి మాత్రం అది పనికిరాదు. పురుగుల ద్వారా తయారీ నేటికీ కొనసాగడానికి ఇది ఒక కారణం.

పాలిహెడ్రిన్ స్ఫటికాన్ని ఏర్పరచని పెద్ద డి.ఎన్.ఎ. వైరస్‌తో పోల్చి చూస్తే ఈ ప్రోటీన్ విలువ మరింత స్పష్టమవుతుంది. కొబ్బరిని ఆశించే కొమ్ము పురుగుకు సోకే ఒరిక్టిస్ నూడివైరస్‌కు ఇటువంటి స్ఫటిక రక్షణ లేదు. అది బయట ఎక్కువ కాలం నిలవదు కాబట్టి పిచికారీకి అనువు కాదు. 1967 నుండి సమోవాలోను, తరువాత మన లక్షదీవులలోను వ్యాధి సోకించిన పెంకు పురుగులను తోటలలోకి వదలడం ద్వారా కూడా దానిని వ్యాప్తి చేశారు.

వైద్యరంగానికి ఇదే ప్రమోటర్

కణవర్ధనంలో పాలిహెడ్రిన్ అనవసరమన్న అంశమే మరొక రంగానికి దారి చూపింది. 1983లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గేల్ స్మిత్, మాక్స్ సమ్మర్స్ బృందం పాలిహెడ్రిన్ ప్రమోటర్ కింద మానవ బీటా-ఇంటర్‌ఫెరాన్ జన్యువును చేర్చి కీటక కణాలలో ఆ ప్రోటీన్‌ను తయారుచేసింది. 1985లో జపాన్‌లో సుసుము మయెదా బృందం పట్టుపురుగు వైరస్‌తో పట్టుపురుగులోనే మానవ ఆల్ఫా-ఇంటర్‌ఫెరాన్‌ను ఉత్పత్తి చేసింది. పట్టు రైతులకు గ్రాసరీ తెగులుగా నష్టం కలిగించే వైరస్ అదే.

2021 డిసెంబరులో మన దేశంలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవోవ్యాక్స్ టీకాలోని స్పైక్ ప్రోటీన్ కూడా బాక్యులోవైరస్ ద్వారా ఎస్.ఎఫ్.-9 కణాలలో తయారైనదే. ఈ కణాల మూలం, 2018 నుండి మన మొక్కజొన్నను పీడిస్తున్న కత్తెర పురుగు ప్యూపా అండాశయ కణజాలం.

ఇక్కడ కూడా కాలక్రమం పరిమితిని విధిస్తుంది. కడపటి అంచెలో కణం శిథిలమవుతూ ఉంటుంది. కణం నుండి స్రవించవలసిన, చక్కెరలు జోడించవలసిన ప్రోటీన్లు ఆ సమయంలో సక్రమంగా రూపొందకపోవచ్చు. అటువంటి వాటికి ముందు అంచెల ప్రమోటర్లను ఎంచుకోవడం, కైటినేజ్, కెథెప్సిన్ జన్యువులను తొలగించిన వైరస్‌ను వాడటం అమలులో ఉన్న మార్గాలు.

భద్రతపై రైతుల సందేహం

వైరస్ అన్న మాట వినగానే మనుషులకు, పశువులకు సోకుతుందా అని రైతులు అడుగుతారు. మానవ జఠరంలోని ఆమ్ల స్థితిలో పాలిహెడ్రా పురుగు కడుపులో వలె కరిగి వైరస్‌ను విడుదల చేయదు. ప్రయోగశాలలో మొగ్గ రూపపు బాక్యులోవైరస్‌ను క్షీరద కణాలలోకి ప్రవేశపెట్టినప్పుడు కూడా అది వృద్ధి చెందలేదు, మలి, కడపటి అంచెలు నడవలేదు. శనగపచ్చ పురుగు వైరస్ ఆ పురుగుకు, దాని దగ్గరి బంధు జాతులకు మాత్రమే పరిమితం. అందువలన అదే పొలంలోని పొగాకు లద్దె పురుగుకు వేరే ఎన్.పి.వి. వాడాలి. పురుగును సరిగా గుర్తించకుండా ద్రావణాన్ని సూచించడం రైతుకు నష్టమే.

ముగింపు

రసాయన మందు డబ్బాలోనే పూర్తిగా తయారై ఉంటుంది. ఎన్.పి.వి. విషయంలో పురుగును చంపే ప్రోటీన్లలో అధిక భాగం పిచికారీ తరువాత పురుగు కణాలలోనే, ఒక నిర్ణీత వరుసలో తయారవుతాయి. ఆ వరుస పూర్తికావడానికి అవసరమైన సమయాన్ని మోతాదు పెంచి కొంత తగ్గించవచ్చు కాని, పూర్తిగా తొలగించలేము. రైతుకు ద్రావణం ఇచ్చే రోజునే మూడవ రోజున ఏమి కనిపిస్తుందో, ఏడవ రోజున ఏమి వెదకాలో విస్తరణ సిబ్బంది ముందుగా చెప్పాలి. వీలైతే వేలాడుతూ చనిపోయిన పురుగును పొలంలోనే చూపించాలి. మాలిక్యులర్ బయాలజీ పాఠాన్ని, సస్యరక్షణ పాఠాన్ని వేరువేరుగా చదివే విద్యార్థులు ఈ రెండింటినీ కలిపి చదివితే ప్రతి సిఫారసుకు కారణాన్ని తామే చెప్పగలుగుతారు.